బోర్లించిన చేట

ఉదయం అయిదూ నలభైకి పాలప్యాకెట్ మూల కత్తిరించబోతే కత్తెర జారి గట్టు మీద పడింది. మళ్ళీ తీసుకున్నాను. వేళ్ళు కత్తెర రింగుల్లో దూరాయి గాని దగ్గరికి రాలేదు. జనవరి చలికి బిగుసుకున్నాయనుకుని స్టవ్ మంట దగ్గర కాచాను. ఆరున్నరకు ఆటో వస్తుంది. అప్పటికీ వేళ్ళు మాట వినలేదు. చివరికి ప్యాకెట్‌ను పళ్ళతో కొరికి విప్పాను. సగం పాలు చీర మీద పోయాయి.

ఇది జరిగి మూడేళ్ళయింది. గండం గడిచిందని డాక్టరు అన్నారు. గడిచింది నాకు. మా వదినకు గడవలేదు. ఆ రెండూ ఒకేచోట రాసి చూసుకోవాలనిపించి ఇది రాస్తున్నాను. నా ఈడు ఆడవాళ్ళకు ఎవరికైనా పనికొస్తే మంచిదే.

అప్పటికి నాకు నలభై తొమ్మిది. భర్త పోయి ఏడేళ్ళు. కూతురు దర్శిలో కాపురం చేసుకుంటోంది. డిగ్రీ రెండో ఏడులో పెళ్ళయి చదువు ఆగిపోయింది. ఆ చదువు ఉద్యోగానికి అక్కరకు రాలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకునే అలవాటు మాత్రం మిగిలింది. పక్కిల్లు అన్నయ్యది. అన్నయ్య ట్రాక్టరు నడుపుతాడు. వదిన పేరు సుగుణ, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే ఆటోలో ఒకే పనికి వెళ్ళేవాళ్ళం.

మా పని గుంటూరు శివార్లలో, ఒక కోల్డ్ స్టోరేజీ వెనక షెడ్డులో. మిరపకాయకు తొడిమ తీయడం. తొడిమను మేం ముచ్చిక అంటాం. గోనె పరుచుకుని కూర్చుంటాం. ముందు కాయల రాశి, కుడిపక్క గంప, ఎడమపక్క చేట. కాయ గంపలోకి, ముచ్చిక చేటలోకి. సాయంత్రం గంపలు కాటా వేస్తారు. ఎంత తూగితే అంత కూలి. బొటనవేలు, చూపుడువేలు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలక్కర్లేని పని అది. నాకు పోయినవి ఆ రెండు వేళ్ళే.

ఆ రోజు పది గంటలకు అందరి గంపలూ సగానికి వచ్చాయి. నా గంప అడుగు కనిపిస్తోంది. ఎదురుగా కూర్చునే రూతు, నోటి దురుసు మనిషి, నా వంక చూసి, "ఏమే కరుణా, చదువుకున్నదానివి, కాయలతో కూడా ఇంగ్లీషులో మాట్లాడతన్నావా? ఒక్కటీ కదలటంలా" అంది. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. చెయ్యి చాపి నా చేటలోని ముచ్చికలు పారబోసి, చేటను నా పక్కన బోర్లించి పెట్టింది.

"ఏంటి వదినా" అన్నాను.

"నోరు మూసుకుని కూర్చో. పాలు చీర మీద పోసుకొచ్చిన మొహం చూడు" అంది.

చేట బోర్లించడం మా జట్టులో మా అమ్మల కాలం నుంచి ఉన్న పద్ధతి. ఒంట్లో బాగాలేని మనిషి చేట ఖాళీ చేసి బోర్లిస్తుంది. అది చూసి మిగతావాళ్ళు, నీళ్ళకు లేచినప్పుడో, నడుం నిలబెట్టుకోవడానికి లేచినప్పుడో, తమ గంపలోంచి ఒక దోసెడు కాయలు ఆమె గంపలో వేసి వెళతారు. ముట్టు నొప్పి కావచ్చు, జ్వరం కావచ్చు, కడుపు పోయి ఉండవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. చుట్టూ హమాలీలు, గుమాస్తాలు తిరిగే చోట ఆడమనిషి తన బాధను నోటితో చెప్పుకోనక్కర్లేకుండా ఎవరో పెద్దవాళ్ళు ఆలోచించి పెట్టిన ఏర్పాటు. అడగకపోవడమే అందులో మర్యాద. మనిషికి మనిషి ఇంత మర్యాద చేయడం నేను వేరే చోట చూడలేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఆ సాయంత్రానికి నా గంప అందరి గంపల్లాగే తూగింది.

రక్తపరీక్షలు అయ్యాక డాక్టరు చెప్పింది ఇది. కీళ్ళ జబ్బు, ఒంటిని ఒళ్ళే శత్రువనుకుంటుంది, పూర్తిగా పోదు, మందులతో అదుపులో పెట్టుకోవచ్చు. పూర్తిగా పోదు అన్నంతవరకే నాకు వినబడింది. బయట బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసా మూత తిప్పబోయాను. రాలేదు. పక్కనున్న ముసలాయన సీసా తీసుకుని మూత తీసి, మళ్ళీ కొంచెం వదులుగా బిగించి ఇచ్చాడు. అలా వదులుగా బిగించడం తెలిసిన మనిషి ఇంట్లో నాలాంటివాళ్ళు ఎవరో ఉండి ఉంటారు.

ఆ వేసవి

ఏప్రిల్‌కు రెండో బాధ వచ్చి మొదటిదాని పక్కన కూర్చుంది. ఛాతీలో పుట్టిన వేడి మెడ మీదుగా చెవుల దాకా ఎక్కేది. జాకెట్టు తడిసిపోయేది. తర్వాత ఆ తడికే చలి. రెండు నెలలు కనిపించని ముట్టు మూడో నెల వారం రోజులు ఆగకుండా వచ్చేది. కారణం లేకుండా ఏడుపు వచ్చేది, కారణం లేకుండా కోపం వచ్చేది.

షెడ్డులో చెప్పాను. చెప్పగానే వైద్యం దొరికింది.

"మిరపకాయల మధ్య కూర్చుంటే వేడి చెయ్యక చలవ చేస్తదా" అంది రూతు. "సబ్జా నీళ్ళు తాగు. పెరుగన్నంలోకి ఉల్లిపాయ నంజుకో."

అక్కడ సగంమందిమి నలభై అయిదు దాటినవాళ్ళం. అందరికీ ఆ ఆవిర్లు వచ్చేవి. అందరం సబ్జా నీళ్ళు తాగేవాళ్ళం. ముట్లుడిగే వయసు ఒకటుందనీ, దానికి దాని బాధలుంటాయనీ మా షెడ్డులో ఎవరూ అనుకోలేదు. వేడి, మంట, నిద్ర పట్టకపోవడం, రక్తం ఎక్కువ పోవడం, అన్నీ మిరపకాయల మీదికే తోసేవాళ్ళం. పుస్తకం చదివే నాకు తెలుసు. చెప్పబోతే నా మాట నాకే కొత్తగా వినిపించి ఆగిపోయేదాన్ని.

తెలియకపోయినా వాళ్ళు చేయగలిగింది చేశారు. కోటేశ్వరి అని ఒకామె ఉంది, నెమ్మదైన మనిషి, గుమ్మం పక్కన గాలి వచ్చే చోటు ఆమెది. ఒకరోజు వచ్చేసరికి ఆ చోట నా గోనె పరిచి ఉంది. ఆమె లోపల గోడ వారగా కూర్చుని పని చేసుకుంటోంది. నా వంక చూడలేదు. రూతు ఎండ వైపు తడిగోనె కట్టి, ఆరినప్పుడల్లా తిట్టుకుంటూ నీళ్ళు చల్లేది.

మిగతాదంతా వదినే. పొద్దున వచ్చి నా జాకెట్టు హుక్కులు పెట్టేది, జడ వేసేది, టిఫిన్ గిన్నె మూత సగం తెరిచి ఉంచేది. పిండి కలపడం, బట్టలు పిండడం ఆమె పనులయ్యాయి. ఒకరోజు హుక్కులు పెడుతుంటే నేను ఆమె చెయ్యి తోసేసి, "నీ దయ నాకేం అక్కర్లేదు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. అయిదు నిమిషాలు నేను హుక్కులతో కుస్తీ పడ్డాను. ఒక్కటి కూడా పడలేదు.

"అయిందా ప్రతాపం? ఆటో హారన్ కొడతన్నాడు, ఇటు తిరుగు" అంది.

తిరిగాను.

ఆగస్టు

చాకిరేవు బండ దగ్గర బట్టలు జాడిస్తూ వదిన చెప్పింది. నేను పక్కన పీట మీద కూర్చుని ఉన్నాను.

"కరుణా, నాకు మళ్ళీ మొదలైంది."

"ఏంటి?"

"ఏంటంటావేంటి. ఆగి రెండున్నరేళ్ళయింది గదా. పోయిన వారం నుంచి కనపడతంది." తల తిప్పకుండా నవ్వింది. "పడుచుదాన్నవుతున్నానేమో."

నేను నవ్వలేదు. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద లైబ్రరీ పుస్తకం ఒకటి అంతకు ముందే చదివి ఉన్నాను. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే, చుక్కైనా సరే, వెంటనే చూపించుకోవాలని అందులో ఉంది. ఎందుకో కూడా ఉంది. వదినకు మొదటి ముక్క చెప్పాను. రెండోది చెప్పలేదు.

"చూపిస్తే ఏం చేస్తారో నీకు తెలవదా? కోటేశ్వరిని చూడు" అంది.

కోటేశ్వరికి ముప్ఫై రెండేళ్ళకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట, నడుంనొప్పి అని ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళితే, ఉంచితే ప్రమాదమని చెప్పి మూడో రోజే ఆపరేషన్ చేసి పంపారు. ముప్ఫై మూడో ఏటి నుంచి ఆమెకు మాకు ఇప్పుడు వస్తున్న వేడి ఆవిర్లు, ఎముకల నొప్పులు. నలభై నిండకముందే నడుం వంగింది. మా ఊళ్ళో అలా సంచి పోయిన ఆడవాళ్ళు ఇంటికొకరు దొరుకుతారు. ఆసుపత్రికి వెళ్ళడమంటే సంచి తీయించుకోవడమే అని అందరి నమ్మకం. వదిన భయానికి అర్థం లేకపోలేదు.

"నాట్లు అయిపోనీ. నేనే వెళ్తా. మీ అన్నకు మాత్రం చెప్పమాక. ఆయన కంగారు మనిషి, ఆ రోజే నర్సింగ్‌హోమ్‌లో పడేస్తాడు."

"వదినా, ఇది ఆగే పని కాదు."

"మాటివ్వు."

ఇచ్చాను.

నేను ఎందుకు గట్టిగా పట్టుబట్టలేదో చాలాసార్లు ఆలోచించుకున్నాను. ఆమె మాట తీసేయలేకపోయాను అనేది ఒక కారణం. ఆమె మంచం పడితే నా హుక్కులు ఎవరు పెడతారు, నా గంప ఎవరు నింపుతారు అనేది ఇంకొకటి. ఆ రోజు ఆ బండ దగ్గరే అంత దూరం ఆలోచించానని చెప్పలేను. ఆలోచించలేదనీ చెప్పలేను.

చలికాలం

నవంబరులో వదిన తన చేట తనే బోర్లించుకుంది. పక్కపక్కనే రెండు చేటలు. దోసిళ్ళు ఇద్దరి గంపల్లోనూ పడేవి. ఎవరూ అడగలేదు. రూతు ఒక్కతే, "ఇంటిల్లిపాదీ బోర్లించారేంటే, మేం బతకొద్దా" అని, రెండు దోసిళ్ళు వేసి పోయేది.

డిసెంబరులో ఒక సాయంత్రం, కాటాకు లేవబోతూ చూశాను. వదిన తన గంపలో పడిన దోసిళ్ళలో సగం, అటూ ఇటూ చూసి, నా గంపలోకి మారుస్తోంది. ఆమె మణికట్టు ఎముకలు తేలి ఉన్నాయి. నేను చూడటం ఆమె చూసింది. మార్చడం ఆపలేదు. నేను కూడా గంప అక్కడి నుంచి జరపలేదు.

గురువారం చర్చిలో స్త్రీల కూడికలో ఆమె ప్రార్థన మనవి చెప్పుకునేది. "నా శరీర బలహీనత కోసం ప్రార్థించండి." మా కూడికలో జ్వరమూ బలహీనతే, మోకాళ్ళూ బలహీనతే, ఇదీ బలహీనతే. అందరూ మనస్ఫూర్తిగా ప్రార్థించారు. నేను కూడా పక్కన మోకరించి కళ్ళు మూసుకున్నాను. దేనికోసమో తెలిసి ప్రార్థించినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే.

జనవరిలో మళ్ళీ అడిగాను. ఈసారి "కోతలు అయిపోనీ" అంది. కోతలు అప్పుడే మొదలయ్యాయి.

ఫిబ్రవరి నుంచి మే దాకా

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వదిన నీళ్ళకని లేచి, మిరపకాయల రాశి మీదికి పడిపోయింది. రూతు, కోటేశ్వరి లేపి పట్టుకున్నారు. గోనె మీద ఆమె కూర్చున్న చోటు చూసి కోటేశ్వరి గబుక్కున తన తువ్వాలు తీసి కప్పింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగారు, "ఎన్నాళ్ళ నుంచి అవుతోందమ్మా?"

"ఒక నెల మేడమ్" అంది వదిన.

డాక్టరమ్మ నా వంక చూశారు. అన్నయ్య మంచం ఆ పక్క నిలబడి ఉన్నాడు. నేను గోడ మీది టీకాల పట్టిక చదవడం మొదలుపెట్టాను. పోలియో దగ్గర్నుంచి చివరి దాకా చదివాను.

గర్భసంచి క్యాన్సర్, ముదిరిపోయింది. చుట్టుపక్కలకు పాకింది. కరెంటు పెట్టారు, రేడియేషన్‌ను మేం అలాగే అంటాం, సెలైన్లలో మందు ఎక్కించారు. పగలు నేను, మిగతా సమయం అన్నయ్య. నా మందుల అట్టలోంచి మాత్ర నొక్కి తీయడానికి నా బొటనవేలికి బలం చాలేది కాదు. వదిన ఆ మంచం మీద పడుకునే చెయ్యి చాపేది. నేను అట్ట ఇచ్చేదాన్ని. ఆమె మాత్ర నొక్కి నా అరచేతిలో వేసేది. ఏప్రిల్ చివర దాకా అలా వేసింది. తర్వాత ఆమె వేళ్ళకు కూడా బలం లేదు.

మే నెలలో పోయింది.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక ఇంటి ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళతో అన్నయ్య మళ్ళీ మళ్ళీ అదే చెప్పాడు. "నెల రోజుల్లో ముంచేసిందండి. నెల ముందు ఏమీ లేదు. మనం ఏం చెయ్యగలం." ఆ మాట పట్టుకుని ఆయన నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు తలలు ఊపారు. నేను కూడా ఊపాను.

మరుసటి ఏడు, జూన్

నా ముట్లు వదిన పోయిన ఏడు ఫిబ్రవరితోనే ఆగిపోయాయి. ఆ సంగతి కూడా నేను సరిగ్గా గమనించలేదు. పదహారు నెలల తర్వాత, జూన్‌లో, షెడ్డులో కూర్చుని ఉండగా తడి తగిలింది. బయటికి వెళ్ళి చూసుకున్నాను. అదే.

తిరిగి వచ్చి కూర్చున్నాను. కళ్ళకు ఏమీ ఆనలేదు. నా చెయ్యి దానంతటది వెళ్ళి చేటను బోర్లించింది. అంతే అలవాటు. కాసేపటికి ఒక దోసెడు పడింది. ఇంకాసేపటికి ఇంకొకటి. రూతు వచ్చి రెండు వేసి వెళ్ళింది. గంప నిండుతోంది. ఎవరూ అడగడం లేదు. ఇంత ప్రేమగా, ఇంత మర్యాదగా వీళ్ళు నన్ను కూడా సాగనంపుతారని ఆ క్షణంలో అర్థమైంది. సాయంత్రం దాకా ఇలాగే కూర్చోవచ్చు. డిసెంబరు దాకా కూర్చోవచ్చు.

చేట తిప్పి మామూలుగా పెట్టాను.

"నాకు రక్తం పోతంది" అన్నాను. "ఆగి ఏడాది దాటింది. మళ్ళీ వచ్చింది. ఇది మిరపకాయల వేడి కాదు."

కాయలు గిల్లే చప్పుడు ఆగింది. రూతు, "మెల్లగా అనవే, గుమాస్తా ఉన్నాడు" అంది.

"ఉండనీ. సుగుణ వదినకు కూడా ఇలాగే మొదలైంది. నెల కాదు. ఆగస్టు నుంచి. నాకు చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు."

రూతు తన చేతుల వంక చూసుకుంది. ఆ చేతులు ఎప్పుడూ ఊరికే ఉండవు.

"రోజుకి రెండు దోసిళ్ళు వేశానే దానికి" అంది. "నవంబరు నుంచి వేశా. ఏమైందే అని ఒక్క రోజు అడిగితే నా నోరు పడిపోయేదా. ఊళ్ళో అందరి సంగతులూ అడుగుతానే."

"అడిగినా చెప్పేది కాదు" అన్నాను.

"నువ్వు చెప్పొచ్చుగా? చదువుకున్నదానివి. ఆ పుస్తకాలన్నీ ఎందుకే నీకు, తలకింద పెట్టుకోవటానికా?"

 

కోటేశ్వరి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. "నాకు అక్కర్లేకుండా తీశారు. ఆమెకు చూపించక పోయింది. నన్ను చూసే భయపడి ఆమె వెళ్ళలేదేమో" అంది. "రేపు నీతో నేనొస్తా. ఏం చేసినా, ఎందుకు చేస్తున్నారో ఇద్దరం అడుగుదాం."

ఆటో ఎక్కేముందు రూతు నన్ను పక్కకు లాగింది. "మీ అన్నకు నువ్వే చెప్పు. మేమెవరం నోరెత్తం. కానీ ఎన్నాళ్ళో ఆగదే ఈ మాట. ఇంకోళ్ళ నోటి నుంచి వింటే ఆ మనిషి తట్టుకోలేడు."

ఆసుపత్రి

మత్తు ఇచ్చి గర్భసంచి లోపలి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. దానికి దగ్గరి బంధువు సంతకం కావాలి. కూతురికి పసిబిడ్డ. అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎందుకని కూడా అడగకుండా ట్రాక్టరు పొలంలోనే వదిలి వచ్చాడు. దారిలో బన్ను ప్యాకెట్ కొన్నాడు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఆగిన రక్తం మళ్ళీ కనిపించిందని చెప్పాను. కోటేశ్వరి చీటీ పట్టుకుని వరుసలో నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాడు.

"నిన్నటి నుంచి."

"మర్నాడే వచ్చావు. మంచి పని చేశావు. మీ వదిన చూడు, నెల ఆగింది."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఆయన బతకడానికి పట్టుకున్న మాట అది ఒక్కటే. దాన్ని లాగేసే హక్కు నాకుందా అనిపించింది. లాగకపోతే నేను ఆయన చేత అబద్ధం మీద సంతకం పెట్టించుకుంటున్నట్టు. ఎదురుగా ఒక ముసలామె మనవరాలికి అరటిపండు వలిచి పెడుతోంది. ఆ తొక్క మొత్తం ఊడేదాకా చూశాను.

"నెల కాదు అన్నయ్యా."

"మరి?"

"ఆగస్టు నుంచి."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఆగస్టు, సెప్టెంబరు, అలా ఫిబ్రవరి దాకా. రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"నీకెవరు చెప్పారు?"

"తనే."

"ఎప్పుడు?"

"ఆగస్టులోనే. నీకు చెప్పొద్దని మాట తీసుకుంది."

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడే గుమ్మంలోంచి నర్సు, "కరుణ తాలూకు ఎవరండీ?" అని పిలిచింది. అన్నయ్య లేచి వెళ్ళాడు. కాగితం మీద వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టడం కనిపించింది. తిరిగి వచ్చి బన్ను ప్యాకెట్ నా ఒళ్ళో పెట్టాడు.

"ఆ ఆర్నెల్లూ దాని చేత నీ జాకెట్టు హుక్కులు పెట్టించుకున్నావు" అన్నాడు.

గొంతు పెంచలేదు. వెళ్ళిపోయాడు. నన్ను లోపలికి తీసుకువెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకున్నది కోటేశ్వరి.

ఫలితం రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల గురించి రాయడానికి ఎక్కువ లేదు. జట్టులో రోజుకొకరు వంతు వేసుకుని మా ఇంట్లో వండారు, నా హుక్కులు పెట్టారు. రూతు వంతు వచ్చిన రోజు కూరలో ఉప్పు మర్చిపోయి, "ఇది ఆసుపత్రి కూడు, తిను" అంది. నేను తిన్నాను. చావంటే భయం వేసింది. బతికితే అన్నయ్య ముఖం చూడాలనీ భయం వేసింది. ఏ భయం పెద్దదో రోజుకొక రకంగా ఉండేది.

గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిందనీ, క్యాన్సర్ కాదనీ డాక్టరమ్మ చెప్పారు. మందులు వాడాలి, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి.

"మరి సంచి తియ్యాలా అండీ?" అని కోటేశ్వరి అడిగింది.

"ఇప్పుడైతే అక్కర్లేదమ్మా."

కోటేశ్వరి ఆమె వంక అలాగే చూస్తూ నిలబడింది. "అక్కర్లేదని కూడా అంటారా అండీ" అంది. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఆమెను కూర్చోమన్నారు.

ఇప్పుడు

నా వేళ్ళు వంకర తిరిగాయి. ముచ్చికలు తీయడం నా వల్ల కాదు. షెడ్డులో బస్తాలకు చీటీలు రాసే పని ఇచ్చారు. సోమవారాలు మాత్రం పనికి వెళ్ళను. జట్టులో ఎవరు ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినా వాళ్ళతో నేనో, కోటేశ్వరో వెళతాం. నేను కాగితాలు చదివి చెబుతాను. కోటేశ్వరి ప్రశ్నలు అడుగుతుంది. ఆమెకు ప్రశ్నలు బాగా వచ్చాయి.

చేటలు ఇప్పటికీ బోర్లిస్తారు. దోసిళ్ళు ఇప్పటికీ పడతాయి. కాకపోతే పక్కన కూర్చున్న మనిషి గోనె దగ్గరికి జరుపుకుని, ఏంటి సంగతి, ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతుంది. ఇది అందరికీ నచ్చలేదు. ఒకామె "నా ఒంటి సంగతి మీకెందుకు" అని వేరే షెడ్డుకు వెళ్ళిపోయింది. ఆమె కోపంలో తప్పు లేదు. మేం ఒక మర్యాదను పోగొట్టుకున్నాం. ఇంకొక దారి తెలిసి ఉంటే దాన్ని ఉంచుకునేవాళ్ళం.

చదివేవాళ్ళకు చెప్పదలచుకున్నది కొంచెమే. ఆగి ఏడాది దాటాక మళ్ళీ కనిపిస్తే వెంటనే చూపించుకోండి. అది చాలాసార్లు పెద్ద జబ్బు కాకపోవచ్చు, నాకు కాలేదు. తీసేయాలి అంటే ఎందుకో అడగండి, ఇంకొకరికి కూడా చూపించండి. ఒంటరిగా వెళ్ళకండి. ఎవరైనా మీకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాట అడిగితే, ఇవ్వకండి. ఇస్తే నిలబెట్టుకోకండి.

అన్నయ్యకు జ్వరం వచ్చిందని తెలిసి ఈ నెల మొదట్లో గంజి కాచి తీసుకువెళ్ళాను. తలుపు తీశాడు. గిన్నె అందుకున్నాడు. మర్నాడు ఆ గిన్నె కడిగి మా అరుగు మీద పెట్టి ఉంది. ఆయన పెట్టి వెళ్ళడం నేను చూడలేదు. అన్నయ్య మా గుమ్మం తొక్కడం లేదు.